కొండమీద క్యాంపుకి మా స్కౌట్ ట్రూప్‌ని ఒప్పించిన వైనం: నా అనుభవం

పదేళ్లుగా మా ట్రూప్ వేసవి క్యాంపు అంటే తిరుపతి పొలిమేరలో అదే ఆవరణ, అదే వంటమాస్టరు, అదే సాంబారు. పిల్లలు హాల్లో చాపలేసుకుని పడుకుంటారు, గంట కొడితే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడతారు. చెడ్డ క్యాంపని అననుగానీ, నాలుగు పెట్రోళ్లు, అంటే ఎనిమిదేసి మంది పిల్లల జట్లు ఉన్న ట్రూప్‌లో, జట్టుని నడిపే పెట్రోల్ లీడరుకి ఆ నాలుగు రోజులూ చెయ్యడానికి పనే ఉండదు. దాన్ని మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కి, ఏ పెట్రోల్ వంట ఆ పెట్రోలే చేసుకునే పద్ధతికి మార్చడానికి జనవరిలో మొదలుపెడితే ఏప్రిల్ దాకా పట్టింది. ఎక్కడెక్కడ ఆగిందో, ఎట్లా కదిలిందో రాస్తున్నాను. మీ ట్రూప్‌కి చోటు వేరే అయినా అడ్డంకులు మాత్రం ఇవే వస్తాయి.

ముందు చోటు సంగతి. దగ్గర్లో తలకోన ఉంది. కానీ ఏప్రిల్ చివరికి జలపాతం సన్నబడుతుంది, సెలవుల్లో జనం పెరుగుతారు, పైగా అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధి. ఎండాకాలం అడవికి నిప్పు భయం ఉన్నప్పుడు అక్కడ ముప్పై మంది పిల్లలతో వంట అంటే ఎవరైనా వద్దనే అంటారు. మామండూరులో చెట్లున్నాయి గానీ ఎత్తు లేదు, తిరుపతి ఎండే అక్కడా. హార్స్‌లీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు. వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీల చొప్పున వేసుకుంటే తిరుపతి కంటే ఏడు డిగ్రీల దాకా తక్కువ. పగలు రెండింటికి పిల్లల్ని గుడారం బయట కూర్చోబెట్టి ముడులు నేర్పించగలమా లేదా అన్నది ఆ ఏడు డిగ్రీల మీదే ఉంటుంది.

నేను చేసిన మొదటి తప్పు, చోటు నేనే తేల్చేసి తర్వాత పిల్లల్ని అడగడం. ట్రూప్ నిర్ణయాలు తీసుకునే పిల్లల సభ కోర్ట్ ఆఫ్ ఆనర్. అందులో నలుగురు లీడర్లు, వాళ్ల తర్వాతి వాళ్లు నలుగురు సెకండ్లు. కొత్త చోటైతే చింతగింజ, పాతదైతే గులకరాయి అని డబ్బా పెట్టాను. బోర్లిస్తే రెండు చింతగింజలు, ఆరు రాళ్లు. కొండ ఎంత బాగుంటుందో ఫోటోలు చూపించి మరీ పెట్టిన ఓటది. ఫోటోలకి పిల్లలు పడరు. వాళ్ల భయం వేరే ఉంటుంది, అదేంటో తెలిస్తేగానీ పని జరగదు.

అందుకే ఓటు సంగతి పక్కనపెట్టి, ఏ పెట్రోల్‌కి ఆ పెట్రోల్ విడిగా కూర్చుని ‘ఎందుకు వద్దు’ అన్న ఒక్కదానికే కాగితం రాసివ్వమన్నాను. పెద్దవాళ్లను దగ్గర ఉండనివ్వలేదు. నాలుగు కాగితాల్లో అసలు కారణాలు మూడే. పాత ఆవరణలో సోపానాల (స్కౌటు ఒక్కో మెట్టు ఎక్కే దశల) పరీక్షలు జరుగుతాయి, చోటు మారితే తమ బ్యాడ్జీలు ఏడాది వెనక్కి పోతాయని పెద్ద పిల్లల భయం. వంట చెడిపోతే ఆ పూట పస్తేనని చిన్నవాళ్ల భయం. మూడోది నెమలి పెట్రోల్ రాసింది, ఒక్క ముక్క: ‘అమ్మ ఒప్పుకోదు.’

పరీక్షల భయం తీర్చడం తేలిక. ఎవరికి ఏ పరీక్ష మిగిలుందో పేరు పక్కన రాసి, అది కొండమీద ఏ రోజు, ఏ పూట, ఎవరి దగ్గర జరుగుతుందో ఒక పట్టిక గీసి నోటీసు బోర్డులో పెట్టాను. లాషింగులు (కర్రల్ని తాడుతో బిగించి కట్టడం), దిక్సూచి, ఆరుబయట వంట, ప్రథమ చికిత్స, ఎత్తూ వెడల్పుల అంచనా, ఇవన్నీ హాల్లో కంటే కొండమీదే బాగా జరుగుతాయి. స్కౌట్ కర్ర నిలబెట్టి చెట్టు ఎత్తు లెక్కగట్టడానికి హాల్లో చెట్టెక్కడిది? పరీక్షించే వాళ్లని పంపమని జిల్లా స్కౌట్ సంఘాన్ని మాత్రం రెండు నెలల ముందే అడగాలి. తేదీ దగ్గరపడ్డాక అడిగితే ఎవరూ దొరకరు.

వంట భయానికి మాటలు చాలవు. ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి స్కూలు మైదానంలోనే పెట్రోల్‌కి ఒక పొయ్యి పెట్టించాం. ఎనిమిది మందికి సరుకు తూచి ఇచ్చాం: బియ్యం కిలో 200 గ్రాములు, కందిపప్పు 400 గ్రాములు, ఎర్రగడ్డలు అరకిలో, టమోటాలు అరకిలో, నూనె 150 మిల్లీలీటర్లు, చింతపండు 50 గ్రాములు. ఉప్పు తూచి ఇవ్వలేదు, చేతికే వదిలేశాం. ఆ రాత్రి తేలిన లోపాలు మూడు. మైదానంలో గాలికి మంట ఒకపక్కకి వాలిపోయి, అన్నం అటు మాడి ఇటు పలుకు మిగిలింది. దానికి మూడువైపులా రేకు అడ్డం పెట్టుకోవాలి, సిలిండరు మాత్రం రేకుకి బయటే ఉండాలి. లోపలుంటే వేడెక్కుతుంది. రెండోది, పెట్రోల్‌కి ఒకే కత్తి ఇచ్చినందుకు ఎర్రగడ్డలు తరగడానికే ముప్పావుగంట పట్టింది. రెండు కత్తులు, ఒక కత్తిపీట ఉండాల్సిందే. మూడోది గిన్నెలు. వడ్డించిన వెంటనే వేడినీళ్లు పోసి పెట్టకపోతే అడుగంటిన పప్పు పొద్దున దాకా వదలదు.

కట్టెలపొయ్యి కావాలని పిల్లలు గోల చేశారు. ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో ఆ కొండమీద ఆకు ఎండి కరకరలాడుతుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోల్‌కి ఒక 5 కిలోల సిలిండరు ఇచ్చాం. మూడు పూటలా వండితే రోజుకి కిలో చొప్పున నాలుగు రోజులకి సరిపోతుంది. కట్టెలతో పొయ్యి రాజెయ్యడం స్కూల్లో వేరే రోజు నేర్పుకున్నాం.

ఆ రాత్రి అమ్మానాన్నల్ని భోజనానికే పిలిచాం, మీటింగ్ అని చెప్పలేదు. ‘మావోడు ఇంట్లో గ్లాసు నీళ్లు కూడా ముంచుకోడు సార్, అన్నం వండుతాడా?’ అన్న తల్లికి ఆ పిల్లాడే వడ్డించాడు. పప్పులో ఉప్పు ఎక్కువైంది, అయినా ఆమె రెండోసారి పెట్టించుకుంది. తర్వాత ఒకే పేజీ కాగితం చేతిలో పెట్టాం. రాత్రి ఏ గుడారం పక్కన ఏ పెద్దాయన పడుకుంటాడు, మరుగుదొడ్లు ఎన్ని, రోజూ సాయంత్రం ఏడింటికి వాట్సాప్ గ్రూపులో సమాచారం ఎవరు పెడతారు, బండి రాత్రంతా కొండమీదే ఉంటుందా, ఇవీ అందులో ఉన్నవి. పెద్దాసుపత్రి కావాలంటే మదనపల్లె దిగాలి, ముప్పై కిలోమీటర్ల దూరం. అందుకే బండి, డ్రైవరు కొండ దిగకూడదని ముందే రాయించుకున్నాం. పాముల గురించి తప్పకుండా అడుగుతారు. లేవని మాత్రం చెప్పొద్దు, ఎవరూ నమ్మరు. బూట్లు దులిపి తొడుక్కోవడం, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకపోవడం, రాత్రి టార్చి లేకుండా అడుగు తీయకపోవడం, మీరు చేయించబోయేది ఏదో అది చెప్పండి.

స్కూలు పెద్దల్ని ఒప్పించింది మాత్రం చరిత్ర. బ్రిటిష్ వాళ్ల స్కౌటింగ్‌లోకి భారతీయ పిల్లల్ని రానివ్వని రోజుల్లో, దివ్యజ్ఞాన సమాజం జార్జ్ అరండేల్‌తో కలిసి మన పిల్లల కోసం మద్రాసులో స్కౌట్ సంఘం పెట్టింది అనీబిసెంట్. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టిందీ ఆవిడే. ఆ కాలేజీలోనే 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు, ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ తోడుగా బాణీ స్థిరపడింది. మేం రోజూ జెండా కింద పాడే పాటకి ఆ ఊరితో ఇంత బంధం ఉందని చెప్పాక, వెళ్లేదారిలో మదనపల్లెలో ఒక గంట ఆగడం విద్యాయాత్ర కిందికి వచ్చింది. హెడ్మాస్టరు సంతకం ఆ పూటే పడింది.

మార్చి మొదట్లో రెండోసారి డబ్బా పెట్టాం. ఏడు చింతగింజలు, ఒక రాయి. ఆ రాయి ఎవరిదని అడగలేదు. అడిగుంటే ఇంకోసారి పెట్టే ఓటు అబద్ధమవుతుంది.

తేదీల దగ్గర తిరుపతి వాళ్లకి ఒక చిక్కుంది. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదన్నది పాతమాట, ఇప్పటికీ పాటించే ఇళ్లున్నాయి. ఆ వారంలో క్యాంపు పెడితే సగం ట్రూప్ రాదు, వచ్చినవాళ్ల మనసు వేషాల మీదే ఉంటుంది. పదో తరగతి రాసిన పిల్లలకి కొన్ని జూనియర్ కాలేజీలు మేలోనే క్లాసులు మొదలుపెట్టేస్తాయి. కాబట్టి ఏప్రిల్ ఆఖరి వారంలో సెలవులు ఇచ్చిన రెండో మూడో రోజే బయల్దేరాలి. మేం నాలుగు రోజులు, మూడు రాత్రులు పెట్టుకున్నాం.

డబ్బు లెక్కలో ఎక్కువమంది పొరబడేది ఒకచోట. బస్సు, చోటు అద్దె, బండి, గ్యాస్, పెద్దల భోజనం కలిపి మాకు 38,400 రూపాయలు. ఎంతమంది వచ్చినా అది మారదు. 32 మంది వస్తే తలకి 1,200, 24 మందే వస్తే 1,600. తక్కువ చెప్పి తర్వాత పెంచితే నమ్మకం పోతుంది. మేం 24 మంది లెక్కన 1,600, భోజనానికి రోజుకి 110 చొప్పున 440, మొత్తం 2,040 అని చెప్పి, ఎక్కువమంది వస్తే మిగులు తిరిగిస్తామని కాగితంలోనే రాశాం.

కాగితాలు ఇవి: జిల్లా స్కౌట్ కమిషనర్‌కి క్యాంపు అనుమతి దరఖాస్తు, అమ్మానాన్నల అంగీకారపత్రం, ప్రతి పిల్లాడి ఆరోగ్య వివరాలు, అడవి దారిలో నడక ఉంటే అటవీశాఖకి లేఖ, స్థానిక పోలీస్ స్టేషనుకి సమాచారం. ఎనిమిది మందికి ఒక పెద్ద చొప్పున నలుగురం.

దారి నూట నలభై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. భాకరాపేట ఘాట్ ఒకటి, చివర్లో కొండ మలుపులు. బయల్దేరడానికి రెండు గంటల ముందు రెండేసి ఇడ్లీలు, అంతే. నూనెవి పెడితే బస్సు కడగాల్సి వస్తుంది.

కొండమీద మొదట మోసం చేసేది కందిపప్పు. ఆ ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలేని గిన్నెలో పప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా గ్యాస్ అయిపోతుంది. పెట్రోల్‌కి ఒక కుక్కరు మోసుకుపోండి, లేదంటే పెసరపప్పుకి మారండి. రాత్రికి సంగటి పెట్టాం. ఎనిమిది మందికి 300 గ్రాముల బియ్యం, రెండున్నర లీటర్ల నీళ్లలో మెత్తగా ఉడకనిచ్చి, మంట తగ్గించి, 600 గ్రాముల రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి మూతపెట్టాలి. పిల్లలందరూ చేసే తప్పు పిండి పడగానే కెలకడం. అప్పుడు పైన తడిసి లోపల పొడిపిండితో ఉండలు కడుతుంది. పది నిమిషాలు ముట్టుకోకుండా ఆవిరి పట్టనిస్తే తెడ్డుతో నాలుగు తిప్పులకే ఒక ముద్దవుతుంది. తెడ్డు మర్చిపోయారని స్కౌట్ కర్రతో కెలకబోయిన వీరులు మా దగ్గరా ఉన్నారు.

రెండోది నేల. చాలాచోట్ల జానెడు మట్టి కింద బండే, మేకు దిగదు. గుడారం తాడుని పది పదిహేను కిలోల రాయికి రెండు చుట్లు చుట్టి రెండు హాఫ్ హిచ్ ముడులు వెయ్యాలి, ఆ రాయి కదలకుండా ముందు ఇంకో రాయి. నూలు, నార తాళ్లు మంచుకీ వానకీ తడిస్తే బిగుసుకుని గుడారాన్ని చీల్చేంతగా లాగుతాయి. పడుకునే ముందు ఒక వేలెడు వదులు చెయ్యాలి. జామాయిల్ చెట్ల నీడ చల్లగా ఉంటుందని వాటి కింద వెయ్యొద్దు, గాలికి కొమ్మలు విరిగి పడతాయి. ఏప్రిల్ సాయంత్రాల్లో ఉరుములు వస్తే అందరూ పక్కా కట్టడంలోకే, గుడారంలోకి కాదు.

నీళ్లు మనిషికి రోజుకి 25 లీటర్లు వేసుకున్నాం. తాగడానికి 4, వంటకీ గిన్నెలకీ 6, స్నానానికి 15. ముప్పై ఆరు మందికి 900, అంటే వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు రోజూ నిండాలి. నింపుతామన్న మాట నోటితో కాకుండా రాతలో తీసుకోండి.

చివరికి 29 మంది వచ్చారు. 38,400ని 29తో భాగిస్తే తలకి 1,324. అందువల్ల ఒక్కొక్కరికి 276 రూపాయలు కవర్లో పెట్టి, బిల్లుల జిరాక్సుతో కలిపి మొదటి ట్రూప్ మీటింగ్ రోజే ఇచ్చేశాం. గుడారాలు మాత్రం దిగిన మర్నాడే మళ్లీ విప్పి, స్కూలు మేడమీద రెండు రోజులు ఆరబెట్టి మడిచాం. తడి పైకి తెలియదు, మడతల్లో ఉంటుంది. జూన్‌లో తీసేసరికి బూజు పట్టి నల్లమచ్చలు పడతాయి.