గాబరా కోడి: కదిలే మీమ్‌కి తెలుగు క్యాప్షన్, నాలుగో వెర్షన్ దాకా

శనివారం

మీమ్‌కి ఏ క్లిప్పు వాడాలో తేలింది. నాటుకోడి గింజలు ఏరుకుంటూ ఏరుకుంటూ ఒక్కసారి తల ఎత్తి కట్టెలా నిలబడిపోతుంది, ఆ తర్వాత ఫ్రేములోంచి ఉరుకుతుంది. రోజూ పడే గాబరాకి ఇంతకంటే మంచి ముఖం దొరకదు. మనిషి ముఖం ఉన్న రెండు క్లిప్పులు పక్కన పెట్టేశాం. వాటిలో ఊపిరాడక నిజంగా అవస్థ పడుతున్నట్టుంది, దాని మీద నవ్వు మాట రాయబుద్ధి కాలేదు. అలాంటి అవస్థ ఉన్నవాళ్లకి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చేత్తో పట్టుకుని తీసిన మొదటి క్లిప్పు పనికిరాలేదు. చెయ్యి కాస్త కదిలినా నేల మీది గడ్డిపోచలన్నీ జరుగుతాయి. జిఫ్ (శబ్దం లేకుండా కదిలే బొమ్మ) ఫైలు పొదుపుగా ఉండాలంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మారిన చోటు తక్కువుండాలి. నేలంతా కదిలితే సైజు అమాంతం పెరుగుతుంది. రెండోసారి రెండు ఇటుకల మధ్య ఫోన్ బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేసి తీశాం. అందులోంచి 3.2 సెకన్లు కోశాం.

సెకనుకి 12.5 ఫ్రేములు పెట్టాం. అంకె వింతగా ఉన్నా కారణం ఉంది. జిఫ్‌లో ఒక్కో ఫ్రేము ఎంతసేపు నిలవాలో సెకనులో వందో వంతుల్లో, పూర్ణాంకంగానే రాయాలి. 15 ఫ్రేములంటే 6.67 అవుతుంది, కుదరదు. 12.5 అయితే సరిగ్గా 8. ఇంకో సంగతి, నిడివి 0 లేదా 1 అని రాస్తే బ్రౌజర్లు దాన్ని 10గా తీసుకుంటాయి. వేగంగా ఉరకాల్సిన కోడి నత్తలా నడుస్తుంది.

ఆదివారం

మాటలు. కోడి బొమ్మ గాబరాని చూపిస్తూనే ఉంది కాబట్టి క్యాప్షన్‌లో “భయమైతుంది”, “దడ” లాంటి మాటలు వద్దనుకున్నాం. ఎందుకు గాబరా అన్నది ఒక్కటే రాయాలి. నిలబడిన క్యాప్షన్ ఇది:

బస్సు నార్కట్‌పల్లి దాటినంక
గ్యాస్ బంద్ చేసిన్నా?

ఇది నల్లగొండ వాళ్లకి. పాలమూరు వాళ్లకి పంపేదాంట్లో ఊరు మార్చి “జడ్చర్ల దాటినంక” అని పెట్టాం. ఇల్లు వదిలి వెనక్కి పోలేనంత దూరం వచ్చేశామని తెలిసే చోటు రెండు వైపులా అదే. “హైదరాబాద్ బస్సు ఎక్కినంక” అని రాసి చూస్తే చప్పగా ఉంది. ఎక్కినవాళ్లు దిగొచ్చు కదా.

రెండో వరుస ఎప్పుడు కనపడాలన్న దాని మీదే పూట గడిచింది. మొత్తం 40 ఫ్రేములు: 18 ఏరుకోవడం, 10 బిగుసుకోవడం, 12 ఉరకడం. తల ఎత్తేది 19వ ఫ్రేములో. రెండో వరుస 17లో వస్తే విషయం ముందే తెలిసిపోతుంది. సరిగ్గా 19లో వస్తే కన్ను అక్షరాల మీదికి పోయి తల ఎత్తడమే చూడదు. 22లో పెడితే కుదిరింది. ముందు మెడ నిక్కుతుంది, పావు సెకను తర్వాత ప్రశ్న పడుతుంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఒకటిన్నర సెకను, చదవడానికి చాలదు. అందుకని చివరి ఫ్రేముని పూర్తి సెకను నిలిపాం. వాట్సాప్‌లో జిఫ్‌గా పంపేది నిజానికి శబ్దం లేని ఎంపీ4 వీడియోనే కాబట్టి, నిడివి మార్చడానికి బదులు ఆ ఫ్రేమునే కాపీలు పేర్చితే ఎక్కడైనా ఒకేలా ఆడుతుంది.

మంగళవారం

అక్షరాల దగ్గర ఎక్కువ దెబ్బలు తగిలాయి. వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాంలో నేరుగా రాస్తే పాత వెర్షన్‌లో వత్తులు విడిపోయాయి, “బస్సు” కాస్తా “బస్‌సు” అయింది. అక్షరాలూ వత్తులూ కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ లేకుండా తయారైన వెర్షన్లకి తెలుగు కలిపి రాయడం రాదు. సులువైన దారి: బొమ్మలు దిద్దే గింప్‌లో క్యాప్షన్ రాసి పీఎన్‌జీ బొమ్మగా తీసి, దాన్ని క్లిప్పు మీద అతికించడం. ఫ్లెక్సీ డిజైన్లలో వాడే “అను” ఫాంట్ల నుంచి కాపీ చేస్తే రాదు. అవి అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు, పిచ్చి గుర్తులు పడతాయి.

“నార్కట్‌పల్లి”లో ట్ తర్వాత కనపడని విడదీత గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టాలి. లేకపోతే ట కింద ప వత్తు వేలాడుతుంది. “జడ్చర్ల”కి అది అక్కర్లేదు గానీ చ వత్తు, ల వత్తు పక్కపక్కనే కిందికి దిగి రెండో వరుస తలకట్లకి తగిలాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి చాలదు. 34 పిక్సెళ్ల అక్షరానికి 48 పిక్సెళ్ల వరుస ఇచ్చాం.

మీమ్‌లకి అలవాటైన తెల్ల అక్షరం, నల్ల అంచు ఇక్కడ పనిచేయలేదు. అంచు 4 పిక్సెళ్లు పెట్టి “ఫోన్” అని రాసి చూసేసరికి ఫ కింది చిన్న గీత పూడుకుపోయి “పోన్” అయింది. ధ, ఢలదీ అదే గతి. అంచు తీసేసి, పైన తెల్ల పట్టీ వేసి, దాని మీద నల్ల అక్షరాలు పెట్టాం. పట్టీ మీద రెండో వరుస పడేది ఒక్కసారే, మిగతా ఫ్రేముల్లో మార్పుండదు, సైజూ తగ్గింది. ఎర్ర అక్షరాలు వద్దు: వీడియోలో రంగు వివరం అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గి అంచులు మసకబారతాయి. ఫాంటు రామభద్ర. మండలి అందమైనదే, కానీ ఫోన్ తెర మీద సన్నబడిపోతుంది.

గురువారం

నాలుగో వెర్షన్ కొలతలు: 512 బై 512. పట్టీ 112 (రెండు వరుసలకి 96, పైనా కిందా ఎనిమిదేసి), కోడికి 400. వరుసకి పదహారు అక్షరాలు దాటకూడదు. జిఫ్‌లో ఫ్రేముకి 256 రంగులే కాబట్టి పాలెట్ (వాడే రంగుల పట్టిక) ముందు విడిగా తీసి, తర్వాత వాడాం. డిథరింగ్ (లేని రంగుని చుక్కలు కలిపి చూపించడం) బేయర్ పద్ధతిలో పెట్టాక నేల మీద చుక్కలు మెరవడం ఆగింది.

కదిలే స్టిక్కరుకి వాట్సాప్ హద్దు 500 కేబీ, 10 సెకన్లు. నిడివి సరిపోయింది, సైజు ఇంకా హద్దు దాటే ఉంది. ముందు సెకనుకి 10 ఫ్రేములకి దించి చూడాలి. అలా చేస్తే రెండో వరుస పడే ఫ్రేము నంబరు 18కి మారుతుంది. అదీ చాలకపోతే కోడిని నేల నుంచి కత్తిరించి వెనక ఒకే రంగు వేయాలి. ఈకల అంచుల దగ్గర ఫ్రేము ఫ్రేముకీ చేత్తో దిద్దాలి, రెండు సాయంత్రాల పని.