యుద్ధవిమానం మనదే, ఇంజన్ ఎవరిది?

పెద్ద రక్షణ ఒప్పందం కుదిరిందని వార్త రాగానే ఎన్ని కోట్లు, ఏ దేశం అని చూస్తాం. నేనైతే ముందు ఇంజన్ ఎవరిదో వెతుకుతాను. అమ్మేది ఒక దేశమైనా, లోపలి ఇంజన్ మరో దేశానిదైతే ఆ మూడో దేశం "కుదరదు" అంటే అక్కడితో బేరం ఆగిపోతుంది. 1977లో ఇజ్రాయెల్ తన క్ఫిర్ విమానాలను ఈక్వెడార్‌కు అమ్మబోతే అమెరికా అడ్డుకుంది. అందులో ఉన్న జె79 ఇంజన్ అమెరికాది మరి.

మన తేజస్ కథ ఇంకొంచెం వేరు. 83 మార్క్ 1ఏ విమానాలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. వాటికి 99 ఎఫ్404 ఇంజన్లు కావాలని అదే ఏడాది ఆగస్టులో అమెరికా సంస్థ జీఈకి 71.6 కోట్ల డాలర్ల ఆర్డర్ వెళ్లింది. మొదటి ఇంజన్ చేతికొచ్చింది 2025 మార్చిలో. ఇక్కడ ఎవరూ నిషేధం పెట్టలేదు. తేజస్ కోసం చేసే ఐఎన్20 రకం ఇంజన్లకు మధ్యలో ఆర్డర్లు లేక ఆ ఉత్పత్తి ఆగిపోయింది. తిరిగి మొదలుపెట్టాలంటే కింది స్థాయి విడిభాగాల సరఫరాదారులందరినీ మళ్లీ కూడగట్టాలి. ఆర్డర్ల మధ్య ఖాళీ వస్తే మిత్రదేశం నుంచి కూడా ఆలస్యం తప్పదు. అందుకే ఇంజన్లను విమానాల కంటే ముందే, విడిగా, అదనపు నిల్వతో సహా ఆర్డర్ చేయాలని నా గట్టి అభిప్రాయం.

నిషేధం ఎలా ఉంటుందో 1998లో చూశాం. పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ ఫ్లైట్ కంట్రోల్ వ్యవస్థ మీద అక్కడ పనిచేస్తున్న మన ఇంజనీర్లను వెనక్కి పంపేశారు. నౌకాదళం సీకింగ్ హెలికాప్టర్లు బ్రిటన్ నుంచి కొన్నవే అయినా, వాటిలో అమెరికా భాగాలు ఉండటంతో విడిభాగాలకు కటకట వచ్చింది.

అన్నిటికంటే చిక్కుముడి యుద్ధనౌకలది. తల్వార్ తరగతి ఫ్రిగేట్లను కట్టేది రష్యా, వాటి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని జోర్యా సంస్థవి. 2014లో క్రిమియాను రష్యా కలుపుకున్నాక ఉక్రెయిన్ ఆ ఇంజన్లు రష్యాకు అమ్మడం మానేసింది. కాలినిన్‌గ్రాడ్‌లోని యాంతర్ యార్డులో ఫ్రిగేట్ల పని ఇంజన్లు లేక నిలిచిపోయింది. 2018లో మనం నాలుగు ఫ్రిగేట్లకు ఒప్పందం చేసుకున్నప్పుడు (రెండు అక్కడ, రెండు గోవాలో) ఇంజన్లను మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా యార్డుకు అప్పగించే ఏర్పాటు జరిగింది. ఆ విధంగా తుశీల్ 2024 డిసెంబరులో, తమాల్ 2025 జులైలో నౌకాదళంలో చేరాయి. రెండు వైపులా మాట చెల్లే దేశానికే ఇలాంటి దారి దొరుకుతుంది. మన విదేశాంగ విధానానికి ఇంతకంటే ఆచరణాత్మకమైన ఉదాహరణ నాకు కనిపించదు.

రష్యా గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ ఎస్-400 విషయంలో చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. 2018 అక్టోబరులో 543 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నాం. అప్పటికే రష్యా ఆయుధాలు కొనేవారిపై ఆంక్షలు విధించే కాట్సా చట్టం అమెరికాలో ఉంది. డాలర్లలో చెల్లిస్తే బ్యాంకులు వెనకడుగు వేస్తాయి, కాబట్టి వేరే కరెన్సీల్లో దారి వెతకాల్సి వచ్చింది. అదే క్షిపణి వ్యవస్థ కొన్న టర్కీని 2019లో అమెరికా స్టెల్త్ (రాడార్‌కు సులభంగా చిక్కని) యుద్ధవిమానం ఎఫ్-35 కార్యక్రమం నుంచి తప్పించి, 2020 డిసెంబరులో ఆంక్షలు వేశారు. ఆ విమానం రాడార్‌కు ఎలా కనిపిస్తుందో ఎస్-400 పసిగట్టేస్తుందన్న భయం దాని వెనక ఉంది. నాటో సభ్యత్వం టర్కీని కాపాడలేదు.

హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. ఉపాధి, నైపుణ్యం రెండూ నిజమైన లాభాలే. అయితే డిజైన్ హక్కు బోయింగ్‌దే. బ్రహ్మోస్‌లో మన వాటా 50.5 శాతం, రష్యాది 49.5. కాబట్టి ఫిలిప్పీన్స్‌కు అమ్మాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే. ఆఫ్‌సెట్ల మీద, అంటే ఒప్పందం విలువలో కొంత మన దేశంలోనే పెట్టుబడిగా, కొనుగోళ్లుగా తిరిగి పెట్టాలన్న షరతు మీద, కాగ్ 2020 నివేదిక చూడండి. 2018 డిసెంబరు నాటికి విదేశీ సంస్థలు రూ.19,223 కోట్ల మేర నెరవేర్చాల్సి ఉండగా, నెరవేర్చామని చెప్పుకున్నదే రూ.11,396 కోట్లు. సంతకం రోజున వినిపించే పెద్ద అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

ఒప్పందంలో చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఇంజన్ ఓవర్‌హాల్ ఇక్కడే జరుగుతుందా, విదేశానికి పంపాలా? మన క్షిపణిని అమర్చుకోవాలంటే సాఫ్ట్‌వేర్ మార్పు ఎవరి చేతిలో ఉంది? కొన్నదాన్ని మనం ఎలా వాడుతున్నామో అమ్మిన దేశం చేసే తుది వినియోగం తనిఖీ ఎక్కడ, ఎలా? ఆ సంస్థను మనమే బ్లాక్‌లిస్ట్ చేయాల్సి వస్తే రెండో దారేది? ఈ చివరిది మనం ముందుగా ఆలోచించలేదు. వీవీఐపీ హెలికాప్టర్ల ముడుపుల ఆరోపణలతో, వాటిని అమ్మిన ఇటలీ గ్రూపు నుంచే స్కార్పీన్ జలాంతర్గాముల కోసం అనుకున్న 98 బ్లాక్ షార్క్ టార్పెడోల కొనుగోలు రద్దయింది. 2017 డిసెంబరులో మొదటి స్కార్పీన్ కల్వరి సేవలో చేరింది, తన కోసం ఎంచుకున్న టార్పెడో లేకుండానే.