రెండు రెసిస్టర్ల కక్కుర్తి

నెక్‌బ్యాండో, ట్రిమ్మరో, టార్చిలైటో కొంటారు. టైప్‌-సీ పోర్టు ఉంది కదా, ల్యాప్‌టాప్ చార్జరే దీనికీ సరిపోతుందనుకుని సీ-టు-సీ కేబుల్ పెడితే లైటు కూడా వెలగదు. డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్‌ని పాత చార్జర్‌కి తగిలిస్తే మాత్రం చక్కగా చార్జవుతుంది. ఇందులో చార్జర్ తప్పు లేదు, కేబుల్ తప్పూ లేదు. చాలాసార్లు ఆ వస్తువు లోపల ఉండాల్సిన రెండు రెసిస్టర్లు (కరెంటును అడ్డుకునే చిన్న భాగాలు) లేవు, అంతే.

పాత యూఎస్‌బీ-ఏ పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. టైప్‌-సీ చార్జర్‌కి అంత ధారాళం లేదు. అవతల ఏం తగిలించారో కనిపెట్టే సీసీ పిన్ను మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కి కలిసి ఉందని తేలేదాకా వోల్టేజి వదలదు. కేబుల్ ఎటు తిప్పి పెట్టినా పనిచేయాలి కాబట్టి సీసీ1కి ఒకటి, సీసీ2కి ఒకటి వేయాలి. పైసల్లో తేలే ఖర్చు. అక్కడే మిగుల్చుకుంటారు మహానుభావులు!

ఒక్క రెసిస్టర్‌నే రెండు పిన్నులకూ కలిపేసే తెలివి ఇంకోటి. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో జరిగింది ఇదే. మామూలు కేబుల్‌తో నడిచేది. తన సామర్థ్యం చెప్పుకునే ఈ-మార్కర్ చిప్ ఉన్న కేబుల్ పెడితే చార్జర్ దాన్ని ఆడియో అడాప్టర్ అనుకుని కరెంటు ఇచ్చేది కాదు. స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) అందరికీ అందుబాటులో ఉండబట్టి కారణం ఇట్టే దొరికింది, తర్వాతి రివిజన్‌లో సరిచేశారు. నెక్‌బ్యాండ్ స్కీమాటిక్ మనకెవరిస్తారు?

టంకం పెట్టకుండా గట్టెక్కే దారి ఒకటుంది. ఒకవైపు సీ ప్లగ్ (మగ), ఇంకోవైపు ఏ సాకెట్ (ఆడ) ఉండే ఓటీజీ అడాప్టర్‌ని సీ చార్జర్‌లో పెట్టి, దానికి ఏ-టు-సీ కేబుల్ తగిలించండి. ఆ అడాప్టర్‌లోనే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి చార్జర్ 5 వోల్టులు వదులుతుంది. పీజీ గదిలో ఒకటే ప్లగ్ పాయింట్ ఉన్నవాళ్ళకి ఇది చాలు.

బాగుచేద్దామనుకుంటే బెంగళూరు ఎస్పీ రోడ్డులో రెసిస్టర్లు దొరుకుతాయి. కన్నడ రాకపోయినా "ఫైవ్ పాయింట్ వన్ కే" అంటే చాలు. కాళ్ళున్న రకమైతే ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు పట్టీలు చూసుకోండి. ముందు బ్యాటరీ వైరు ఊడదీయండి. చార్జింగ్‌కే పనికొచ్చే 6 కాళ్ళ కనెక్టర్‌లో నడిమి రెండూ సీసీ, వాటికి చెరోపక్క వీబస్ (5 వోల్టులు వచ్చే కాలు), చివర్లలో గ్రౌండ్. సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, టంకం బాగా పట్టడానికి ఫ్లక్స్, 30 గేజ్ వైరు కావాలి. టంకం జారి సీసీకీ వీబస్‌కీ అంటుకుంటే చార్జర్ కూడా దెబ్బతినొచ్చు. అందుకే బ్యాటరీ కలపకముందే మల్టీమీటర్‌తో ఒక్కో సీసీ నుంచి గ్రౌండ్‌కి 5.1 కిలో ఓమ్‌లు చూపిస్తోందో లేదో కొలవండి. బయటికి రెండే కాళ్ళున్న కనెక్టర్ అయితే వదిలేయండి, సీసీ అసలు బయటికే రాలేదు. నీళ్ళలో తడవొచ్చని చెప్పే ట్రిమ్మర్‌నీ విప్పకండి, సీలు మళ్ళీ సరిగా పడదు.

ఏ-టు-సీ కేబుల్‌లోనూ ఒక రెసిస్టర్ ఉంటుంది, సీసీ నుంచి వీబస్‌కి 56 కిలో ఓమ్‌లు. దాని బదులు 10 కిలో ఓమ్‌లది వేస్తే ఫోన్ 3 ఆంపియర్లు ఉన్నాయనుకుని లాగుతుంది, పాత పోర్టు వేడెక్కుతుంది.

యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకీ ఇయర్‌బడ్స్‌కీ టైప్‌-సీ తప్పనిసరి. మంచిదే. మన దగ్గర కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద "టైప్‌-సీ" అని చూసి నమ్మకండి. సీ-టు-సీ కేబుల్, సీ పోర్టున్న పవర్ బ్యాంకు జేబులో వేసుకెళ్ళి కొట్లోనే పెట్టి చూడండి. తర్వాత ప్లగ్‌ని తిప్పి మళ్ళీ పెట్టండి. ఒకవైపే చార్జయితే రెండో సీసీ పిన్ను దగ్గర రెసిస్టరో టంకమో లేదన్నట్టే.