38 వేల ఎస్టిమేట్, 180 రూపాయల రిలే

మే నెల, విజయవాడ ఎండలు. కారు కదులుతున్నంతసేపూ ఏసీ చల్లగానే ఉండేది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగామంటే చాలు, వేడిగాలి. ఆరేళ్ల బండి, వారంటీ ఎప్పుడో అయిపోయింది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. సాయంత్రం ఫోన్: "కంప్రెసర్ పోయింది సార్. కండెన్సర్ కూడా మార్చేస్తే మంచిది." గ్యాస్, లేబర్ కలిపి 38 వేల చిల్లర. టెన్షన్ పట్టుకుంది. కానీ ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపే కదా కంప్రెసర్, అది పోతే బండి పరిగెత్తేటప్పుడు చల్లగా ఎలా వస్తోంది? అదే అడిగితే "వీక్ అయింది సార్" అన్నాడు. గేజ్ పెట్టి ప్రెషర్ చూశారా, రీడింగ్ ఎంతో జాబ్ కార్డు మీద రాసివ్వండి అన్నాను. రేపు చెప్తామన్నారు. మర్నాడు రీడింగ్ రాలేదు, ఎస్టిమేట్ మాత్రం వాట్సాప్‌లో వచ్చింది. చెకింగ్ చార్జీ 590 కట్టి బండి తెచ్చేసుకున్నాను. అంతకుముందు ఏడాది అక్కడే "అరిగిపోయాయి" అనగానే పాతవి చూపించమని కూడా అడక్కుండా బ్రేక్ ప్యాడ్లు మార్పించుకున్నాను. ఆ మంట కూడా ఉందనుకోండి.

మా బావ ఆటోనగర్‌లో ఏసీ పనులే చేసే ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పానా కూడా పట్టుకోలేదు. బానెట్ ఎత్తించి, ఏసీ వేయించి, కాసేపు చూశాడు. తర్వాత మగ్గుతో నీళ్లు తెచ్చి, ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందరి జాలీ, అదే కండెన్సర్, దాని మీద పోశాడు. లోపల చల్లగాలి మొదలైంది!

"కంప్రెసర్ బంగారంలా ఉంది బాబూ. ఫ్యాన్ తిరగట్లేదు, చూడు."

బండి పరుగులో ఉంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లారుస్తుందట. ఆగితే ఆ పని ఫ్యాన్‌దే. అది తిరక్కపోతే గ్యాస్ ప్రెషర్ పెరిగిపోయి, స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. హారన్ రిలే (కరెంటుని కలిపి, ఆపే చిన్న స్విచ్) పీకి ఫ్యాన్ రిలే ఉండే చోట పెట్టాడు, రెండూ ఒకటే రకం. ఫ్యాన్ గిర్రున తిరిగింది. కొత్త రిలే 180, ఆయనకి 300.

మా బండిలో ఇంజిన్‌ని చల్లార్చే రేడియేటర్‌కీ అదే ఫ్యాన్. ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు సగం దాటడం నేను చూశాను కూడా, ఎండల వల్లేమో అనుకున్నాను. అలాగే తిప్పితే వేడికి ఇంజిన్‌లో సీలులాంటి హెడ్ గాస్కెట్ పోయేదని పెద్దాయన గట్టిగానే చీవాట్లు పెట్టాడు.

నెల తర్వాత సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్.

"సార్, ఏసీ పార్టుల మీద 10 శాతం ఆఫర్ నడుస్తోంది. మీ కంప్రెసర్ బుక్ చేయమంటారా?"