టీ గ్లాసులు, వెనక అద్దం

శనివారం రాత్రి. వాన ఇంకా తగ్గలేదు.

పొద్దున ఏడున్నరకి సత్యనారాయణపురంలో మా సందులోంచి బండి వెనక్కి తీస్తుంటే ఎవరో డిక్కీ తలుపు మీద దబదబా బాదారు. దిగి చూస్తే పాలాయన. ఆయన సైకిలుకీ మా బంపరుకీ మధ్య జానెడు కూడా లేదు. "కనపడట్లేదా అమ్మా?" అన్నాడు. నిజంగానే కనపడట్లేదు. వెనక అద్దానికి బయట బురద, లోపల ఆవిరి. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, రెండేళ్ళుగా వానాకాలమంతా పక్క అద్దాల మీదా, ఆపైన దుర్గమ్మ మీదా భారం వేసి బండి తోలుతున్నాను.

బండి నాన్నది. 2008 మోడల్, ఏపీ 16 నంబరు, ఏడు సీట్లు. వెనక భాగం గోడలా నిటారుగా ఉంటుంది. పదిహేనేళ్ళు నిండితే 2023లో ఆర్సీ రెన్యువల్ చేయించి మరీ ఉంచుకున్నాం. అమ్మేద్దాం అంటే చాలు, నాన్న ఆ పూట అన్నం మానేస్తాడు.

అమ్మని గుడికి తీసుకెళ్ళే పని తమ్ముడికి అంటగట్టి ఆటోనగర్ పోయాను. అక్కడ కార్ల ఎలక్ట్రికల్ పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరికీ బాబాయే, నాకూ అంతే. వర్షానికి రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, పక్క షెడ్డులో మాత్రం లారీ బాడీ మీద సుత్తి ఆగలేదు. ఆటోనగర్‌కి వాన అడ్డమేంటి.

"రివర్స్ కెమెరా పెట్టెయ్ బాబాయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"కెమెరాకి బురద అంటదా?" అన్నాడు.

తర్వాత తీరిగ్గా చెప్పుకొచ్చాడు. ఇలా పెట్టెలాంటి బండి ముందుకు పోతుంటే వెనకాల గాలి పలచబడి ఖాళీ పడుద్దట. చక్రాలు లేపిన బురద, దుమ్ము సుళ్ళు తిరుగుతూ వచ్చి ఆ ఖాళీలో దూరి, నేరుగా అద్దానికి అంటుకుద్ది. డిక్కీ విడిగా వెనక్కి పొడుచుకొచ్చే కార్లకి ఈ బాధ తక్కువ. అందుకే ఇలాంటి బళ్ళకి వెనక వైపరు ఇచ్చేది. ఇబ్రహీంపట్నం వైపు లారీల వెనకాల పోయి వస్తే మా అద్దం మీద వేలితో పేరు రాసుకోవచ్చు, అది నాకు తెలుసు. ఎందుకో ఇవాళ తెలిసింది.

వైపరు రబ్బరు మా ఎండలకి మాడి అప్పడంలా అయింది. పట్టుకుంటే చేతికే విరిగొచ్చింది. పొడి అద్దం మీద దాన్ని తిప్పితే ఇసుక రేణువులు కింద పడి అద్దాన్ని కోసేస్తాయి, ముందు నీళ్ళు చిమ్మాకే తిప్పాలి. మాకు నీళ్ళు చిమ్మితే కదా. ఇన్నేళ్ళూ ట్యాంకులో పోసింది బోరు నీళ్ళు, ఆ ఉప్పుకి రంధ్రం పూడిపోయింది. బాబాయ్ సూదితో పొడిచి నొక్కమన్నాడు. మోటారు గుర్రుమంది, నీళ్ళు బయటికి రాలేదు. లోపల పైకప్పు గుడ్డలోంచి టపటపా కారాయి.

అప్పుడు వెలిగింది నాకు. వెనక సీట్లో కూర్చున్న ప్రతిసారీ "పైన కారుతోందే" అని అమ్మ గొణుగుతుంటే టాపు రబ్బరు పోయిందనుకున్నాను. ట్యాంకు ముందు బానెట్ కింద, పైపు బండంతా పాకి, డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో దూరి వస్తుంది. తలుపు తీసి వేసి, తీసి వేసి, సరిగ్గా ఆ మడత దగ్గరే చిట్లింది. అంటే బయట మురికి పోవాలని నేను నొక్కిన నీళ్ళన్నీ లోపల కార్పెట్‌లోకి ఇంకి, ఆ తేమే ఆవిరై మళ్ళీ అద్దానికి పట్టేది! రెండేళ్ళు నా చేత్తో నేనే ఆవిరి పట్టించుకున్నానన్నమాట.

పైపు మార్చడం పావుగంట పని. ఇక మిగిలింది డీఫాగర్. అద్దం లోపలి వైపు సన్నటి ఎర్రటి గీతలుంటాయి కదా, కరెంటు పారితే వేడెక్కి ఆవిరిని ఆర్పేవి. ఫ్యూజు బాగుంది, దానికి కరెంటు కలిపే రిలే టిక్కుమంటోంది. ఏ గీత చచ్చిందో ఎలా తెలుస్తుంది? బాబాయ్ నాలుగు టీలు చెప్పాడు. నాకిస్తాడనుకున్నాను. నాలుగు గ్లాసులూ వెనక నేల మీద పెట్టి తలుపు వేసేశాడు! కాసేపటికి అద్దమంతా తెల్లబడింది. ఇంజను ఆన్ చేసి స్విచ్చి నొక్కితే గీతల వెంబడి ఆవిరి చారలు చారలుగా విడిపోయింది. మధ్యలో మూడు చోట్ల మాత్రం కదల్లేదు. ఆ మూడింటి మీదా టెస్ట్ లాంపు మొన జరుపుకుంటూ పోయాడు. లైటు వెలుగుతూ వెలుగుతూ ఒక చోట టక్కున ఆరిపోయేది. అక్కడ తెగిందన్నమాట. అటూ ఇటూ టేపు వేసి, వెండి పెయింటుని చిన్న కుంచెతో ఆ సందు మీద పూశాడు. రేపటిదాకా స్విచ్చి ముట్టుకోవద్దన్నాడు.

"ఇది ఊరికే పోయింది కాదమ్మా, బ్లేడు దెబ్బ. ఫిల్ము గీకారా ఎప్పుడైనా?"

2012. అద్దాలకి నల్ల ఫిల్ములు ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పిన ఏడాది. మా బండికీ కాటుకలాంటి ఫిల్ము ఉండేది. సబ్బు నీళ్ళతో నానబెట్టి, గీతల వెంబడి మెల్లగా లాగాలట, బ్లేడు పెట్టకూడదట.

అంతా కలిపి 1,150 అయింది. చల్లారిన టీ కూడా ఒకటి తాగించాడు.

సాయంత్రం నాన్న వరండాలో పేపరు చదువుతుంటే అడిగాను. "మన బండి వెనక ఫిల్ము అప్పట్లో ఎవరు తీశారు?"

"ఎవడికిస్తాం డబ్బులు? నేనే. గడ్డం బ్లేడుతో, ఆదివారమంతా కూర్చుని. అద్దం మీద ఒక్క గీత పడితే ఒట్టు."

"పడలేదు నాన్నా. ఉన్నవే పోయాయి."

పేపరు దించాడు. "ఎన్ని?"

"మూడు."

కాసేపు వాన వైపు చూశాడు. "మిగతావి బానే ఉన్నాయిగా" అని పేపరు ఎత్తుకున్నాడు.