పదో వంతు మిల్లీమీటరు

ఆల్టో శాక్సోఫోన్‌కి మౌత్‌పీస్ (నోట పెట్టుకుని ఊదే ముక్క) మారిస్తే ఇంత తేడా ఉంటుందా! సెల్మర్ ఎస్80 సి స్టార్ మౌత్‌పీస్ కొనకీ, రీడ్‌కీ (ఊదితే కంపించే పలచని రెల్లు బద్ద) మధ్య సందు 1.70 మి.మీ., మేయర్ 5 మౌత్‌పీస్‌ది దాదాపు 1.80. కంటికి ఆనదు గానీ పెదవికి ఇట్టే తెలిసిపోతుంది. మేయర్‌లో స్వరం గొంతు విప్పింది, కానీ పాత 3 నంబర్ రీడ్‌తో (నంబర్ పెరిగేకొద్దీ రీడ్ గట్టిది) గాలి చప్పుడే ఎక్కువ. రెండున్నరకి దిగాక అట్టడుగు స్వరం బి ఫ్లాట్ కూడా మెత్తగా పలికింది. సందు పెరిగితే రీడ్ మెత్తబడాలి, అంతే లెక్క. అన్నట్టు, ఆ నంబర్లు కంపెనీకో తీరు. ఒకే పెట్టెలోవి కూడా ఒకేలా ఉండవు, రెల్లుజాతి గడ్డి మరి! తడిపి వెలుతురుకి ఎత్తి చూస్తాను: నడుమ చిక్కగా, రెండు పక్కలా సమంగా పలచబడితే దానికే మొదటి వంతు. లిగేచర్ల (రీడ్‌ని మౌత్‌పీస్‌కి బిగించే పట్టీల) సంగతి మాత్రం అడగొద్దు, ఏది మేలన్న వాదనలోకి నేను దిగను.