ముదురు ఊదా: ఒకప్పటి కష్టం, ఇప్పటి చిక్కు

ముదురు ఊదా అనగానే రాజసం, వైభవం, ఆధ్యాత్మికత అంటూ అర్థాల జాబితా ఒకటి వినిపిస్తుంది. ఈ అర్థాల్లో చాలావాటికి మూలం ఆ రంగును సంపాదించడానికి మనుషులు పడిన పాట్లేనని నా అభిప్రాయం.

ప్రాచీన ఫినీషియాకు చెందిన టైర్ నగరంలో, అంటే నేటి లెబనాన్ తీరంలో, మ్యూరెక్స్ జాతి సముద్రపు నత్తల గ్రంథుల నుంచి ఊదా అద్దకపు రంగును తీసేవారు. 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త దాని నిర్మాణాన్ని తేల్చేందుకు 12,000 నత్తలను వాడితే, చివరికి చేతికి వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే. అంత అరుదైన రంగు బట్టను రోమన్ చక్రవర్తులు చట్టాలు చేసి మరీ తమకు అట్టేపెట్టుకోవడంలో వింతేమీ లేదు. 1856లో, 18 ఏళ్ల విలియం హెన్రీ పెర్కిన్ మలేరియా మందైన క్వినైన్‌ను ప్రయోగశాలలో తయారు చేయబోతే నల్లటి మడ్డి మిగిలింది. దాన్ని ఆల్కహాల్‌లో కరిగిస్తే ఊదా రంగు తేలింది. మావీన్ అనే ఆ కృత్రిమ రంగుతో రాజుల రంగు సామాన్యుల దుస్తులకూ ఎక్కింది. అయినా గాంభీర్యం పోలేదు: ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో కథోలిక గురువులు నేటికీ ఊదా వస్త్రాలే ధరిస్తారు.

వెబ్ ప్రమాణాల్లో, 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో, ముదురు ఊదా అంటే ఎరుపు 148, ఆకుపచ్చ 0, నీలం 211. ఆ సున్నాలోనే అసలు విషయమంతా ఉంది. మన కంటికి వెలుగుగా తోచేదానిలో అధిక భాగం ఆకుపచ్చ కాంతి నుంచే వస్తుంది కాబట్టి, అది పూర్తిగా లోపించిన ఈ రంగు ఎంత గాఢంగా మెరిసినా చీకటిగానే ఉంటుంది. అందుకే తెల్లని నేపథ్యం మీద దీని వ్యత్యాస నిష్పత్తి, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, దాదాపు 6.6 ఉంటే, నల్లని నేపథ్యం మీద 3.2 దగ్గరే ఆగిపోతుంది. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలన్నది వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని చెప్పే సుగమ్యతా మార్గదర్శకాల నియమం. నల్లటి తెర మీద ఊదా అక్షరాలు పెట్టి, అదే అధునాతనమనుకునే డిజైనర్లు చదివేవాళ్ల కళ్ల గురించి కూడా కాస్త ఆలోచిస్తే బాగుంటుంది.

ముద్రణలో చిక్కు వేరు. సయాన్, మెజెంటా సిరాల కలయికకు తెర మీది ఆ మెరుపు అందదు, కాగితం మీద రంగు మసకబారుతుంది. లోగో లాంటి వాటికి ముందే కలిపి ఉంచిన ప్రత్యేక సిరాను ఎంచుకోవడం, ఆర్డర్ ఖరారు చేసే ముందు ఒక ప్రూఫ్ (నమూనా ముద్రణ) తీయించి చూడడం మంచిది.